పాత టేబుల్ సా కొనేముందు: ఏ లోపం బాగవుతుంది, ఏది బాగవదు

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడ్ పైకి వచ్చే మెషిన్) కోసం వెతికే మనవాళ్ళు నన్ను మొదట అడిగేది "అంకుల్, ఏ కంపెనీది తీసుకోమంటారు?" అని. కొత్తది కొనేవాళ్ళు అలా అడగడంలో తప్పు లేదు. పాతది కొనేవాళ్ళు మాత్రం కంపెనీ కంటే ముందు రకం తేల్చుకోవాలి. ఒక్కో రకం మెషిన్ ఒక్కో చోట అరుగుతుంది. కొన్ని లోపాలకు కావాల్సిన సామాను ఎస్‌జేపీ రోడ్‌లో చవగ్గా దొరుకుతుంది. కొన్నింటిని ఎంత ఖర్చు పెట్టినా సరిచేయలేం. ఆ తేడా తెలిస్తే తుప్పు పట్టిన మెషిన్‌ను ధైర్యంగా కొంటారు, మెరిసిపోతున్న మెషిన్‌ను వదిలేసి వస్తారు.

నేను హెచ్‌ఎంటీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయినవాణ్ణి. మాది హిందూపురం వైపు. ఇప్పుడు జాలహళ్ళిలో ఇంటి వెనక షెడ్డు వేసుకుని చెక్క పని చేస్తున్నాను. మెషిన్ చూడటానికి ఎవరైనా తోడు రమ్మంటే డయల్ గేజ్ (ముల్లుతో సన్నని తేడాలు చూపే కొలత పరికరం), టార్చిలైటు, స్టీల్ స్కేలు సంచిలో వేసుకుని వెళ్తాను. లేత్‌ను ఎలా పరీక్షిస్తామో టేబుల్ సానూ అలాగే పరీక్షించాలి.

ముందు మీ కరెంటు, మీ చోటు, మీ చెక్క

ఇంట్లో సింగిల్ ఫేజ్ ఉందా, త్రీ ఫేజ్ ఉందా? మెషిన్ ఎక్కడ పెడతారు, బాల్కనీలోనా, షెడ్డులోనా? కోయబోయేది ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీట్లా, టేకు, సిల్వర్ ఓక్ లాంటి గట్టి చెక్కా? ఈ మూడింటికీ జవాబు లేకుండా మెషిన్ చూడటానికి వెళ్ళకండి. 8×4 అడుగుల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్ 30 కిలోలు దాటుతుంది. చేత్తో మోసుకెళ్ళే జాబ్‌సైట్ సా చాలావరకు అంతకంటే తేలిక. పెద్ద షీట్‌ను దాని మీదికి తోస్తే మెషినే కదిలిపోతుంది. అలాంటి పని ఎక్కువగా ఉన్నవాళ్ళు షీట్‌ను ప్లైవుడ్ అంగట్లోనే పెద్ద ముక్కలుగా కోయించుకుని, చిన్న కోతలు మాత్రం ఇంట్లో పెట్టుకోవాలి.

చిన్నవి: జాబ్‌సైట్ సాలు

బాష్, డీవాల్ట్, మకిటా లాంటి కంపెనీల చిన్న మెషిన్లు ఇవి. పది అంగుళాల బ్లేడ్, అల్యూమినియం బల్ల, 1,500 నుంచి 2,000 వాట్ల మోటార్. అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్ళకు సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా కనిపించేవి ఇవే. ఇంటీరియర్ పని ముగిశాక కాంట్రాక్టర్లు అమ్ముతారు, సరదాగా మొదలుపెట్టి మానేసినవాళ్ళూ అమ్ముతారు. రెండో రకం వాళ్ళ దగ్గర దొరికేది మేలు. సైట్లలో తిరిగిన మెషిన్ ఎన్ని లారీల మీద నుంచి దిగిందో ఎవరికీ తెలియదు.

వీటిలో ఉండేది బ్రష్‌ల మోటార్, డ్రిల్లింగ్ మెషిన్లో ఉండే రకమే. పెద్ద చప్పుడు చేస్తుంది, దాని ఆయుష్షు కూడా తక్కువ. స్క్రూడ్రైవర్‌తో బ్రష్ మూత తీసి కార్బన్ బ్రష్ పొడవు చూడండి. అరిగిపోయి ఉంటే భయం లేదు, కొత్తవి చవగ్గా వస్తాయి. మెషిన్ తిరుగుతున్నప్పుడు గాలి రంధ్రాల్లోంచి చూడండి. బ్రష్ దగ్గర చిన్న నీలి రవ్వలు మామూలే. చుట్టూ వలయంలా నిప్పులు తిరుగుతుంటే ఆర్మేచర్, అంటే మోటార్ లోపల తిరిగే భాగం, పోయినట్టు. కొత్త ఆర్మేచర్ వేయిస్తే సెకండ్ హ్యాండ్‌లో మిగిలిన డబ్బంతా దానికే పోతుంది.

తర్వాత చూడాల్సింది బల్ల. అల్యూమినియం బల్ల ఒకసారి కింద పడి వంగితే మళ్ళీ చదును కాదు. స్టీల్ స్కేలును అంచు మీద నిలబెట్టి పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి వెనక టార్చి వేయండి. స్కేలు కింద నుంచి వెలుతురు ఎక్కడెక్కడ వస్తుందో కనిపిస్తుంది. బ్లేడ్ ఇరువైపులా ఉన్న భాగం చదునుగా ఉంటే అంచుల్లో కాస్త తేడా ఉన్నా ఫరవాలేదు. బ్లేడ్ దగ్గరే పల్లం ఉంటే వదిలేయండి.

బ్లేడ్‌ను పైకి కిందికి దించే పిడి బిగుసుకుపోయి ఉంటే వెంటనే వద్దనకండి. చాలాసార్లు లోపల రంపపు పొట్టు, జిగురు గట్టిపడి ఉంటాయి, బ్రష్ పెట్టి శుభ్రం చేస్తే వదులవుతుంది. పిడి తిప్పుతుంటే పళ్ళు జారినట్టు టక్ టక్ మంటే మాత్రం లోపలి గేర్ అరిగింది. ఆ మోడల్ గేర్ దొరుకుతుందో లేదో సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కున్నాకే బేరం మాట్లాడండి.

అమెరికా నుంచి సామానుతో వచ్చినవి

వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు ఇవి కనిపిస్తుంటాయి. అక్కడ ఉద్యోగం చేసి తిరిగి వచ్చినవాళ్ళు షిప్పింగ్‌లో తెచ్చుకుంటారు. మెషిన్ బాగుంటుంది, కానీ 120 వోల్టులది. మా వీధి కుర్రాడు ఒకడు అలాంటిది చూసి "కన్వర్టర్ పెట్టుకుంటే చాలు అంటున్నారు అంకుల్" అన్నాడు. "ఏ మోటారో చూశావా బాబూ?" అని అడిగాను. అసలు విషయం అక్కడే ఉంది. బ్రష్‌ల మోటార్ అయితే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. అక్కడి 60 హెర్ట్జ్, ఇక్కడి 50 హెర్ట్జ్ తేడా దానికి పట్టదు. 15 ఆంపియర్ల మెషిన్ అంటే 1,800 వాట్లు. స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ లాగుతుంది కాబట్టి 3 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. దాని ధర, దాని బరువు రెండూ లెక్కలో వేసుకుని బేరం చేయండి.

బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటార్ అయితే కథ వేరు. అక్కడ నిమిషానికి 3,450 చుట్లు తిరిగేది ఇక్కడ 2,875 దగ్గర తిరుగుతుంది, ఎక్కువగా వేడెక్కుతుంది. దానికి తగిన మార్గం మోటార్ తీసేసి మన 50 హెర్ట్జ్ మోటార్ వేయడం. ఫ్రేమ్ సైజు కలవదు, మధ్యలో ఒక ఇనుప ప్లేట్‌కు రంధ్రాలు వేసి బిగించాలి. మోటార్ వైపు పుల్లీ కాస్త పెద్దది వేస్తే బ్లేడ్ వేగం మళ్ళీ సరిపోతుంది. ఏ ఫిట్టరైనా చేస్తాడు. బ్లేడ్ దూరే షాఫ్ట్ సైజు కూడా కొలవండి. అమెరికావి 5/8 అంగుళం ఉంటాయి. ఇక్కడ అంగళ్ళలో ఎక్కువగా దొరికేవి 25.4, 30 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న బ్లేడ్లు. రంధ్రంలో సందు నింపే సరైన బుష్ (రింగు) వేయకుండా బ్లేడ్ ఎక్కించకూడదు.

సాస్టాప్ కంపెనీ మెషిన్ ఎదురైతే ఒక్క మాట గుర్తుంచుకోండి. వేలు తగిలితే మిల్లీసెకన్లలో బ్లేడ్‌ను ఆపేస్తుంది, అది గొప్ప సంగతి. కానీ ఒకసారి పనిచేశాక లోపలి కార్ట్రిడ్జ్, బ్లేడ్ రెండూ మార్చాలి. కార్ట్రిడ్జ్ ఎక్కడ నుంచి తెప్పిస్తారో ముందే తేల్చుకోండి.

పోత ఇనుము మెషిన్లు

నాకు ఇష్టమైనవి ఇవే. వీటిలోనూ మూడు రకాలు. వెనకవైపు మోటార్ వేలాడుతూ బెల్ట్‌తో తిరిగేవి కాంట్రాక్టర్ సాలు. మోటార్ పెట్టె లోపల ఉండి, బరువు మధ్యరకంగా ఉండేవి హైబ్రిడ్‌లు. 3 హెచ్‌పీ, ఆపైన మోటార్‌తో 200 కిలోలు దాటేవి క్యాబినెట్ సాలు. బయటి నుంచి చూస్తే హైబ్రిడ్, క్యాబినెట్ ఒకేలా ఉంటాయి. అమ్మేవాళ్ళు రెండింటినీ క్యాబినెట్ సా అనే అంటారు. కింద వంగి చూడండి. బ్లేడ్‌ను మోసే ఇనుప చట్రాన్ని ట్రనియన్ అంటారు. అది బల్లకు వేలాడుతుందా, కింది పెట్టెకు బిగించి ఉందా? బల్లకు బిగించినదైతే బ్లేడ్‌ను సరిచేయడానికి కింద దూరి బోల్టులు వదులు చేయాలి, నడుము విరుగుతుంది. పెట్టెకు బిగించినదైతే పైన బల్ల బోల్టులు నాలుగు వదులు చేసి, బల్లనే కాస్త జరిపితే సరి. క్యాబినెట్ సాకు ఎక్కువ డబ్బు పెట్టడానికి ఇదొక్కటే చాలు కారణం.

ఈ రకాల్లో మోటార్ పోయినా కంగారు లేదు. రీవైండింగ్ చేయించవచ్చు, కొత్తది వేయవచ్చు. బేరింగ్‌ల మీద 6204, 6205 లాంటి నంబరు ఉంటుంది, ఆ నంబరు చెబితే ఏ బేరింగ్ అంగట్లోనైనా ఇస్తారు. బెల్ట్ పగుళ్ళు పట్టి ఉంటే సంతోషించండి, బేరానికి పనికొస్తుంది. పైపై తుప్పు లెక్కలోకి రాదు. టర్పెంటైన్, స్క్రబ్ ప్యాడ్ పెట్టి రుద్ది పేస్ట్ వ్యాక్స్ పూస్తే బల్ల మీద చెక్క మళ్ళీ సులువుగా జారుతుంది. చెన్నై నుంచి వచ్చిన మెషిన్ అయితే ఉప్పుగాలి తిన్న గుంటలు ఉండొచ్చు. గుంటలున్నా కోత చెడదు. లోపలి స్క్రూలు బిగుసుకుపోయాయేమో మాత్రం తిప్పి చూడాలి.

బాగు చేయలేనిది పోత ఇనుములో పగులు. ట్రనియన్ మీద, బల్ల మూలల్లో, బోల్టు రంధ్రాల చుట్టూ టార్చి వేసి చూడండి. ఒకచోట కొత్త పెయింట్, ఇత్తడి రంగు గీత, వెల్డింగ్ ముద్ద కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దనండి. బల్ల పట్టుకుని మెషిన్ ఎత్తినప్పుడే ఈ పగుళ్ళు వస్తాయి.

ఇక మన దేశంలో తయారైన పాత మెషిన్లు. ఒకే స్టాండ్ మీద ప్లేనర్ (చెక్కను చిత్రిక పట్టేది), రంపం కలిసి ఉండే పెద్ద ఇనుప బల్లలు. కామాక్షిపాళ్య, పీణ్య వైపు వర్క్‌షాపులు మూసేటప్పుడు అమ్ముతారు, తూకం ధరకే వస్తాయి. వీటిని తీసిపారేయొద్దు. ఇనుము గట్టిది, మోటార్ బయటే ఉంటుంది, ప్రతి భాగమూ లేత్ మీద చేయించుకోవచ్చు. కొన్నింటిలో బ్లేడ్ కదలదు, బల్లనే ఎత్తి దించాలి. ఏటవాలు కోతలు కష్టం. ఫెన్స్, అంటే చెక్కను ఆనించి తోసే పక్క పట్టీ, దాదాపు ఎప్పుడూ పనికిరాదు, కొత్తది చేయించుకోవాల్సిందే. నేరుగా చీల్చే పనే ఎక్కువ అనుకునేవాళ్ళకు, కాస్త ఇనుప పని చేతనైనవాళ్ళకు మంచి బేరం.

ప్యానెల్ సా గురించి క్లుప్తంగా చెబుతాను. షీట్‌ను జరిగే బల్ల మీద పెట్టి తోసే ఈ పద్ధతి 1906లో విల్‌హెల్మ్ ఆల్టెన్‌డార్ఫ్ జర్మనీలో మొదలుపెట్టింది. ముందు చిన్న స్కోరింగ్ బ్లేడ్ గీత గీస్తుంది, వెనక పెద్ద బ్లేడ్ కోస్తుంది, లామినేట్ అంచు లేవదు. మాడ్యులర్ కిచెన్ల వ్యాపారం ఉన్నవాళ్ళకే ఇది. త్రీ ఫేజ్ కావాలి, గది నిండిపోతుంది. కొంటే జరిగే బల్ల పట్టాలు, రోలర్లు మాత్రం చూసుకోండి. అవి అరిగితే కోత వంకర పోతుంది, మార్చడం ఖరీదు.

"త్రీ ఫేజ్ మోటార్ అయినా వీఎఫ్‌డీ పెట్టి ఇంటి కరెంటుతో నడపొచ్చు" అని అమ్మేవాళ్ళు చెబుతారు. వీఎఫ్‌డీ అంటే సింగిల్ ఫేజ్ తీసుకుని మోటార్‌కు త్రీ ఫేజ్ ఇచ్చే పెట్టె. నేమ్‌ప్లేట్ చదవండి. మామూలు సింగిల్ ఫేజ్ వీఎఫ్‌డీ 230 వోల్టులకు మించి ఇవ్వదు. మోటార్ వైండింగ్‌లను డెల్టా అనే పద్ధతిలో 230కి కలిపే వీలు నేమ్‌ప్లేట్ మీద ఉంటేనే పూర్తి బలం వస్తుంది. 415 డెల్టా అని మాత్రమే ఉంటే బలం సగానికి పడిపోతుంది.

డయల్ గేజ్‌తో పరీక్ష

మెషిన్ రకం ఏదైనా ఈ పరీక్ష ఒకటే. ప్లగ్ తీసేయండి, తీసినట్టు కళ్ళతో చూసుకోండి. బ్లేడ్‌ను రెండు చేతులతో పట్టుకుని ఇటూ అటూ కదపండి. టక్కుమని ఆడితే బేరింగ్‌లు పోయాయి. తర్వాత గేజ్ పెట్టాలి. అల్యూమినియం బల్లకు మ్యాగ్నెట్ స్టాండ్ అంటుకోదు. మైటర్ గాడిలో (బల్ల మీద బ్లేడ్ పక్కన పొడవునా ఉండే గాడి) వదులు లేకుండా జారే చెక్క పట్టీకి గేజ్ బిగించుకోండి. బ్లేడ్ మీద ఒక పన్నుకు మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఆ పన్ను ముందువైపు ఉన్నప్పుడు దాని పక్కన బ్లేడ్ రేకు మీద కొలవండి. బ్లేడ్ తిప్పి అదే పన్నును వెనక్కు తెచ్చి, గేజ్ జరిపి మళ్ళీ కొలవండి. తేడా 0.1 మిల్లీమీటర్ లోపు ఉంటే చాలా బాగుంది. అంతకంటే ఎక్కువైతే అలైన్‌మెంట్ చేయాలి, అంటే బ్లేడ్‌ను ఆ గాడికి సమాంతరంగా తేవాలి. చేయడానికి వీలుగా బోల్టులు తిరుగుతున్నాయా, ఎవరైనా తలలు అరగ్గొట్టారా చూడండి.

ఇప్పుడు గేజ్‌ను కదపకుండా బ్లేడ్ మాత్రం మెల్లగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు ఊగుతుంటే బ్లేడ్ వంకరో షాఫ్ట్ వంకరో తేలాలి. బ్లేడ్ తీసేసి, అది ఆనుకునే ఫ్లాంజ్ మీద గేజ్ పెట్టి తిప్పండి. అక్కడ 0.03 మిల్లీమీటర్ ఊపు చిన్నదిగా కనిపిస్తుంది. ఫ్లాంజ్ అంచు మధ్య నుంచి అంగుళం దూరంలో ఉంటే, పది అంగుళాల బ్లేడ్ పన్ను అయిదు అంగుళాల దూరంలో ఉంటుంది. అంటే పన్ను దగ్గర ఆ ఊపు అయిదింతలు, 0.15 అవుతుంది. ఫ్లాంజ్ దగ్గరే 0.05 దాటితే, పోత ఇనుము మెషిన్ అయితే షాఫ్ట్ లేత్ మీద సరిచేయించే ఖర్చును ధరలోంచి తగ్గించి అడగండి. చిన్న జాబ్‌సైట్ సా అయితే వదిలేయండి.

గేజ్ లేనివాళ్ళు తమ చెక్క తీసుకెళ్ళండి. నాలుగు అంగుళాల వెడల్పు, బాగా ప్లేన్ చేసిన ముక్క చాలు. అడ్డంగా కోసి, ఒక సగాన్ని తలకిందులు చేసి, రెండు కోత ముఖాలు ఆనించి బల్ల మీద పెట్టండి. బ్లేడ్ బల్లకు మూలమట్టంగా ఉంటే సందు ఉండదు. ఉంటే ఆ సందు అసలు తప్పుకు రెట్టింపు. ఫెన్స్‌ను ముందు చివర మాత్రమే బిగించి, వెనక చివర వేలితో నెట్టి చూడండి. కదిలే ఫెన్స్‌తో గట్టి చెక్క చీల్చకూడదు.

రివింగ్ నైఫ్ లేకపోతే

నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్కదాని దగ్గరే. బ్లేడ్ వెనక నిలబడి ఉండే పలుచని స్టీల్ రేకును రివింగ్ నైఫ్ అంటారు. కోసిన చెక్క మళ్ళీ మూసుకుని బ్లేడ్‌ను నొక్కకుండా, పైకి లేచే వెనక పళ్ళకు తగలకుండా ఇది కాపాడుతుంది. నిమిషానికి 4,000 చుట్లు తిరిగే పది అంగుళాల బ్లేడ్ పన్ను గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. వెనక పళ్ళు చెక్కను పట్టుకుంటే అదే వేగంతో మీ పొట్ట మీదికి విసురుతాయి. చెక్కతో పాటు చెయ్యి బ్లేడ్ మీదికి వెళ్తుంది. సాస్టాప్ కూడా ఆ విసురును ఆపదు.

మన సైట్లలో అడ్డం వస్తుందని దీన్ని మొదటి రోజే తీసి ఎక్కడో పడేస్తారు. మెషిన్ కొనే ఒక కుర్రాడికి తోడుగా పీణ్య వైపు వెళ్తే, అక్కడి షెడ్డులో ఒక ఆచారి "అది లేకుండానే ఇన్నాళ్ళూ కోశాం సార్, ఏం కాలేదు" అన్నారు. "ఆచారీ, ఈ పిల్లాడికి మీకున్న చేతి అలవాటు లేదు. రేకు వెతికి ఇవ్వండి, ఆ ధరకే తీసుకుంటాం" అని అడిగాను. ర్యాక్ వెనక నుంచి వెతికి తెచ్చిచ్చారు. మీరూ అడగండి, చాలాసార్లు ఎక్కడో ఒక మూల ఉంటుంది. లేదంటే ఆ మోడల్‌కు కొత్తది దొరుకుతుందని తేలాకే డబ్బు ఇవ్వండి. అమెరికాలో 2008 తర్వాత కొత్తగా డిజైన్ చేసిన మెషిన్లలో ఇది తప్పనిసరి అయింది. అంతకుముందువాటిలో చాలావరకు బ్లేడ్‌తో పాటు కదలని స్ప్లిటర్ మాత్రమే ఉంటుంది. అదైనా ఉండాలి.

బ్లేడ్ కదలకుండా బల్ల మాత్రమే కదిలే పాత దేశీ మెషిన్లకు ఒక అనుకూలం ఉంది. బ్లేడ్ ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది కాబట్టి ఫ్రేమ్‌కే రేకు బిగించుకోవచ్చు. బ్లేడ్ వంపును అనుసరించి, పళ్ళకు 3 నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో ఉండేలా కోయించండి. మందం బ్లేడ్ రేకు కంటే ఎక్కువ, కోత వెడల్పు కంటే తక్కువ ఉండాలి. బ్లేడ్ రేకు 1.8, కోత 2.6 అయితే 2.2 మిల్లీమీటర్ల రేకు సరిపోతుంది.

ప్లైవుడ్ బల్ల కింద మార్బుల్ కట్టర్‌ను తలకిందులుగా బిగించి, స్విచ్‌ను టేపుతో కట్టేసి "టేబుల్ సా" అని అమ్మేవాటిని ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేవద్దు.

స్విచ్ కూడా చూడాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు మెషిన్ తనంతట తాను తిరగకూడదు. మెషిన్ తిరుగుతుండగా ప్లగ్ దగ్గర ఆపి, బ్లేడ్ నిలిచాక మళ్ళీ వేయండి. బ్లేడ్ తిరగడం మొదలుపెడితే ఆకుపచ్చ, ఎర్ర బటన్ల డీవోఎల్ స్టార్టర్ పెట్టించండి. అది చిన్న ఖర్చే.

బేరం, రవాణా, మొదటి రోజు

జాబ్‌సైట్ సాకు కొత్త ధరలో సగం దాటి నేను ఇవ్వను. బిల్లు, సీరియల్ నంబర్ అడుగుతాను, నంబర్ గీకేసి ఉంటే మాట్లాడకుండా వచ్చేస్తాను. పోత ఇనుము మెషిన్‌కు అలా ఒక లెక్క లేదు. ఫెన్స్, ట్రనియన్, బల్ల మూడూ బాగుంటే మోటార్ కాలిపోయినా మంచి ధర ఇవ్వొచ్చు. క్యాబినెట్ సా తేవడానికి టాటా ఏస్ చాలు కానీ నలుగురు మనుషులు కావాలి. బల్ల విప్పి విడిగా తెండి, బల్ల అంచు పట్టుకుని ఎత్తనివ్వకండి. బ్లేడ్‌ను పూర్తిగా కిందికి దించి, మోటార్ కింద చెక్క దిమ్మె పెట్టి కట్టండి.

ఇంటికి వచ్చాక 3 హెచ్‌పీ మెషిన్‌ను వంటింటి 16 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించొద్దు. మెయిన్ బోర్డు నుంచి విడిగా లైన్ లాగించండి, ఎర్త్ సరిగా ఉందో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. మెషిన్‌తో వచ్చిన పాత బ్లేడ్‌తో మొదటి కోత కోయకండి. కొత్త కార్బైడ్ బ్లేడ్ వేసి, దాని రేకు మందం రివింగ్ నైఫ్‌తో సరిపోల్చి, అలైన్‌మెంట్ మళ్ళీ ఒకసారి గేజ్‌తో చూడండి. దారిలో కుదుపులకు అది తప్పకుండా జరిగి ఉంటుంది.